నిప్పుల కొండ మీద మంచు గుహలు: అంటార్కిటికా అగ్నిపర్వతాల వేడి లెక్క

అంటార్కిటికాలో మంచు కరిగిపోతోందన్న వార్త వచ్చిన ప్రతిసారీ దాని వెనకే ఒక వాదన కూడా బయలుదేరుతుంది. ఆ మంచు కింద వందకు పైగా అగ్నిపర్వతాలు ఉన్నాయట, కరిగిస్తున్నవి అవేనట, మనం కాల్చే బొగ్గుకూ పెట్రోలుకూ దీనితో ఏ సంబంధమూ లేదట. ఈ వాదనలో మొదటి సగం నిజం. అందువల్లే రెండో సగం కూడా నిజమేననిపిస్తుంది. అగ్నిపర్వతం అంటే నిప్పు, మంచు అంటే కరిగేది, రెండూ ఒకచోట ఉంటే ఏది గెలుస్తుందో వేరే చెప్పాలా అని ఎవరికైనా తోస్తుంది.

నిజానికి అక్కడ ఆ రెండూ లక్షల ఏళ్ళుగా ఒకదాని పక్కన ఒకటి ఉంటున్నాయి. నిప్పు మంచును పూర్తిగా మింగలేదు, మంచు నిప్పును ఆర్పలేదు. పైగా ఆ సహవాసంలో గుహలు, బురుజులు, వెచ్చని నేల మీద నాచు, చీకట్లో బతికే సూక్ష్మజీవులు పుట్టుకొచ్చాయి. ఇది ఎలా సాధ్యమైందో తెలిస్తే, కరిగిస్తున్నది ఎవరన్న ప్రశ్నకు కూడా జవాబు దొరుకుతుంది. అందుకోసం ఒక కొండను దగ్గరగా చూద్దాం. దాని పేరు ఎరెబస్.

రాస్ చూసిన కొండ

1841 జనవరి చివర్లో బ్రిటిష్ నౌకాదళ అధికారి జేమ్స్ క్లార్క్ రాస్ దక్షిణ అయస్కాంత ధ్రువాన్ని వెతుకుతూ, అంతకు ముందు ఏ ఓడా తిరగని సముద్రంలోకి ప్రవేశించాడు. ఎదురుగా నిలువెల్లా మంచు కప్పుకున్న పెద్ద కొండ, దాని శిఖరం నుంచి పొగ, మంట. తన రెండు ఓడల పేర్లనే అక్కడి రెండు కొండలకు పెట్టాడు. పొగ కక్కుతున్నది ఎరెబస్, పక్కన చల్లారి ఉన్నది టెర్రర్. ఆ ఓడలు రెండూ 1845లో ఫ్రాంక్లిన్ నాయకత్వంలో ఉత్తర ధ్రువ ప్రాంతానికి వెళ్ళి మంచులో చిక్కుకుని తిరిగి రాలేదు. వాటి శిథిలాలు 2014, 2016 సంవత్సరాల్లో దొరికాయి. ఓడలు పోయినా పేర్లు మాత్రం భూమి రెండో కొసన కొండల మీద నిలిచాయి.

ఎరెబస్ ఎత్తు 3,794 మీటర్లు. అది రాస్ ద్వీపం మీద, 77 డిగ్రీల దక్షిణ అక్షాంశం దాటి ఉంది. అమెరికాకు చెందిన మెక్‌మర్డో పరిశోధన కేంద్రం, న్యూజిలాండ్‌కు చెందిన స్కాట్ బేస్ కూడా అదే దీవి కొసన ఉన్నాయి. అక్కడ నుంచి చూస్తే ప్రశాంతమైన రోజుల్లో శిఖరం మీద తెల్లని ఆవిరి తోక కనిపిస్తుంది. అక్కడ చలికాలంలో దాదాపు నాలుగు నెలలు సూర్యుడు ఉదయించడు. అయినా దాదాపు 13 లక్షల ఏళ్ళుగా ఆ కొండ లావా పొరల మీద లావా పొరలు పేర్చుకుంటూ పెరుగుతూ వచ్చింది.

దాన్ని మొదట ఎక్కింది 1908 మార్చిలో, ధ్రువ యాత్రికుడు షాకిల్టన్ నడిపిన నిమ్రాడ్ యాత్ర సభ్యులు. భూవిజ్ఞాన ఆచార్యుడు ఎడ్జ్‌వర్త్ డేవిడ్ అప్పటికే యాభై ఏళ్ళవాడు. డగ్లస్ మాసన్, అలిస్టెయిర్ మెకే అతని వెంట ఉన్నారు. సరైన పర్వతారోహణ సామగ్రి లేదు. మంచు తుపానులో గుడారం వేసుకునే వీలులేక నిద్ర సంచుల్లోనే ముడుచుకుని గడిపారు. ఆరుగురిలో ఒకరైన బ్రోకిల్‌హర్స్ట్ కాలివేళ్ళు చలికి మొద్దుబారి దెబ్బతినడంతో శిఖరానికి చేరలేకపోయాడు. మిగిలినవారు 10వ తేదీన బిలం అంచుకు చేరి, కిందికి తొంగిచూసి ఎత్తులు కొలిచారు. ఆ దారిలో వాళ్ళకు మరో వింత కనిపించింది. మంచు మైదానం మీద అక్కడక్కడా చిత్రమైన ఆకారాల్లో మంచు దిబ్బలు, వాటి నడినెత్తి నుంచి ఆవిరి. డేవిడ్ వాటిని గుర్తించి, నేల నుంచి వచ్చే ఆవిరి గడ్డకట్టి ఏర్పడినవని సరిగ్గానే చెప్పాడు. వాటి కిందున్న గుహల లోకం గురించి మాత్రం ప్రపంచానికి ఇంకా చాలా కాలం తెలియలేదు.

ఎరెబస్ పేరు చెప్పగానే న్యూజిలాండ్ ప్రజలకు గుర్తొచ్చేది వేరే విషయం. 1979 నవంబర్ 28న అంటార్కిటికా అందాలు చూపించడానికి బయలుదేరిన ఎయిర్ న్యూజిలాండ్ విమానం ఈ కొండ దిగువ వాలును ఢీకొంది. అందులో ఉన్న 257 మందీ చనిపోయారు. విమాన మార్గంలోని అక్షాంశ రేఖాంశాలను మార్చిన సంగతి సిబ్బందికి చెప్పలేదు. దానికి తోడు, తెల్లని వాలు, తెల్లని మేఘం ఒకదానిలో ఒకటి కలిసిపోయి కొండ ఉన్నట్టే కనిపించలేదు. నీడ లేని వెలుగులో మంచు తన ఆకారాన్ని పూర్తిగా దాచేయగలదు. ధ్రువ ప్రాంతాల్లో పనిచేసేవాళ్ళు లోతైన పగుళ్ళతో సమానంగా ఈ తెల్లదనానికి కూడా భయపడతారు.

ఆరని సరస్సు

ఎరెబస్ ప్రధాన బిలంలో ఇంకొక లోపలి బిలం ఉంది. దాని అడుగున, సుమారు 1,000 డిగ్రీల సెల్సియస్ వేడితో, కొన్ని పదుల మీటర్ల వెడల్పున లావా సరస్సు ఉంది. 1972లో శాస్త్రవేత్తలు దాన్ని గుర్తించిన నాటి నుంచి దాదాపు ఎప్పుడూ అది పూర్తిగా గడ్డకట్టలేదు. ప్రపంచంలో ఇలా దశాబ్దాల తరబడి తెరుచుకుని ఉన్న లావా సరస్సులు వేళ్ళ మీద లెక్కపెట్టగలిగినన్నే. కాంగోలోని న్యిరాగోంగో, ఇథియోపియాలోని ఎర్టా అలే వంటివి భూమధ్యరేఖకు దగ్గరగా ఉంటే, ఇది ధ్రువానికి దగ్గరగా ఉంది. బయటి గాలి సున్నాకు ముప్పై డిగ్రీలు దిగువన ఉన్నా సరస్సుకు లెక్కలేదు.

ఎందుకంటే ఆ వేడి సరస్సులో దాచుకున్నది కాదు, కింద నుంచి నిరంతరం వస్తున్నది. వాయువులతో నిండిన తేలికైన శిలాద్రవం పైకి వస్తుంది. వాయువులు వదిలేసి, చల్లబడి, బరువెక్కి అదే గొట్టం గుండా కిందికి దిగుతుంది. సరస్సు ఉపరితలం సుమారు పది నిమిషాలకోసారి కొద్దిగా లేచి పడుతుంది, బయటికి వచ్చే వాయువుల పాళ్ళు కూడా అదే లయలో మారతాయి. నాకు ఈ కొండ గురించి తెలిసిన విషయాల్లో అన్నిటికంటే ఇష్టమైనది ఇదే. కొండ ఊపిరి తీస్తోందన్న మాటకు ఇక్కడ కొలతలతో సహా రుజువు ఉంది. మధ్యమధ్య పెద్ద వాయుబుడగ ఒకటి పగిలి లావా ముద్దలను బిలం గోడల దాకా, ఒక్కోసారి బయటికి కూడా విసురుతుంది. 1984లో ఈ పేలుళ్ళు బాగా ముదిరి, లావా బాంబులు బిలం దాటి చాలా దూరం పడ్డాయి. చల్లారిన ఆ ముద్దల్లోంచి రాలిన, ఫెల్డ్‌స్పార్ అనే ఖనిజపు స్ఫటికాలు శిఖరం చుట్టూ పరుచుకుని ఉంటాయి. కొన్ని పది సెంటీమీటర్ల పొడవు దాకా ఉంటాయి. అంత పెద్ద స్ఫటికాలు లావాలో దొరకడం చాలా అరుదు.

ఇంకో సంగతి. 1991లో వెలువడిన ఒక అధ్యయనం ప్రకారం ఎరెబస్ వాయువుల్లో కంటికి కనిపించనంత సన్నని బంగారు రేణువులు ఉన్నాయి. మొత్తం రోజుకు 80 గ్రాముల దాకా ఉండవచ్చని అంచనా. ఈ వార్త అప్పుడప్పుడూ బంగారం కక్కుతున్న కొండ అంటూ తిరుగుతుంటుంది. ఆ రేణువులు వందల కిలోమీటర్ల మంచు మీద దుమ్ములా చల్లుకుపోతాయి. ఏరుకోవడానికి అక్కడ ఏమీ ఉండదు.

ఈ సరస్సు ఆరకుండా ఉండటానికి లోతైన కారణం ఒకటుంది. చాలా అగ్నిపర్వతాల శిలాద్రవంలో నీరు ఎక్కువగా ఉంటుంది. అది పైకి వస్తూ కొన్ని కిలోమీటర్ల లోతుకు చేరేసరికి నీరు ఆవిరై విడిపోతుంది. నీరు పోయిన శిలాద్రవం చిక్కబడి అక్కడే ఆగిపోతుంది. ఎరెబస్ శిలాద్రవంలో నీరు తక్కువ, కార్బన్ డయాక్సైడ్ ఎక్కువ. అందుకే అది అంత తొందరగా చిక్కబడకుండా ఉపరితలం దాకా రాగలుగుతుంది. భూగర్భ విద్యుత్ వాహకతను కొలిచి 2022లో ప్రచురించిన పరిశోధన భూమి పైపొర కిందనుంచి వచ్చే ఈ నిటారు మార్గాన్ని చూపించింది. పశ్చిమ అంటార్కిటికా కింద భూమి పైపొర కోట్ల ఏళ్ళుగా సాగి పలచబడుతోంది. ఆ చీలిక మండలం అంచునే ఎరెబస్ ఉంది.

మంచు గుహ ఎలా పుడుతుంది

ఇక గుహల సంగతికి వద్దాం. ఎరెబస్ శిఖర పీఠభూమి మీద నేల అంతటా ఒకే వేడి ఉండదు. పాత లావా పగుళ్ళ వెంట కొన్నిచోట్ల వెచ్చని గాలి పైకి వస్తుంది. చాలావరకు అది లావా సరస్సు నుంచి వచ్చే మండే వాయువు కాదు. రాళ్ళ సందుల్లోకి చొరబడి వేడెక్కి తిరిగి పైకి వచ్చే మామూలు గాలి, దానితో కలిసిన నీటి ఆవిరి, అగ్నిపర్వతం నుంచి వచ్చే కొంత కార్బన్ డయాక్సైడ్. ఇది పైన ఉన్న మంచు అడుగును తాకి కరిగిస్తుంది. చిన్న ఖాళీ ఏర్పడుతుంది. ఆ ఖాళీలో గాలి తిరుగుతూ దాన్ని పెద్దది చేస్తుంది, పక్కలకు సొరంగాలు తీస్తుంది, ఎక్కడో ఒకచోట కప్పును తొలుచుకుని బయటపడుతుంది.

బయటపడిన చోట అసలైన అద్భుతం మొదలవుతుంది. తడి నిండిన గాలి ఒక్కసారిగా గడ్డకట్టే చలిలోకి వచ్చేసరికి దానిలోని ఆవిరి రంధ్రం అంచుల మీద మంచుగా పేరుకుంటుంది. పేరుకున్న అంచు కొంచెం ఎత్తవుతుంది, మళ్ళీ దాని మీద పేరుకుంటుంది. అలా లోపల డొల్లగా, పొగగొట్టంలా లేచిన మంచు బురుజులు కొన్ని పది మీటర్ల ఎత్తు దాకా పెరుగుతాయి. గాలివాటాన్ని బట్టి ఒకవైపు ఒరిగినవి, రెండు కలిసిపోయినవి, తల తెగినవి, ఒక్కొక్కటిదీ ఒక్కో రూపం. కొంతకాలానికి కూలిపోతాయి, పక్కన ఇంకొకటి లేస్తుంది. డేవిడ్ 1908లో చూసిన దిబ్బలు ఇవే. ప్రతి బురుజు కిందా గుహ ఉంటుందని అప్పుడు ఎవరూ ఊహించలేదు.

ఇప్పుడు మొదటి చిక్కుముడి విప్పుకోవచ్చు. కింద వెచ్చని నేల ఉంటే గుహ కప్పు మొత్తం కరిగిపోవాలి కదా, ఎందుకు పోదు? సమాధానం మూడు విషయాలు కలిస్తే వస్తుంది. ఒక కిలో మంచును, అది సున్నా డిగ్రీల దగ్గర ఉన్నా సరే, నీరుగా మార్చడానికి దాదాపు 334 కిలోజౌళ్ళ వేడి కావాలి. బడిలో గుప్తోష్ణం అని చదువుకున్నది ఇదే. అంత వేడిని గాలి మోసుకురావాలి, గాలి వేడిని మోయడంలో బలహీనురాలు. పైగా వచ్చిన వెచ్చని గాలిలో పెద్దభాగం బురుజుల గుండా బయటికి పోతుంది. ఈలోగా పైనుంచి కొత్త మంచు పడుతుంది, పక్కనున్న మంచు తన బరువుకే మెల్లగా లోపలికి కుంగుతుంది. కరిగే వేగం, పూడే వేగం ఎక్కడ సమానమైతే అక్కడ గుహ నిలబడుతుంది. కింద వేడి పెరిగితే గుహ పెద్దదవుతుంది, తగ్గితే మూసుకుపోతుంది. అందుకే గుహల ఆకారం ఏళ్ళ తరబడి ఎలా మారుతోందో కొలిచే శాస్త్రవేత్తలకు అవి నేల వేడిని కొలిచే పరికరాల్లా పనికొస్తాయి.

లోపలికి దిగితే ఉష్ణోగ్రత సాధారణంగా సున్నాకు అటూ ఇటూ ఉంటుంది. బయట వేసవిలోనే సున్నాకు ఇరవై ముప్పై డిగ్రీలు దిగువన ఉండేచోట ఇది పెద్ద ఊరట. కొన్ని గుహల్లో వేడి రంధ్రాల దగ్గర 25 డిగ్రీల దాకా ఉంటుందని పరిశోధకులు నమోదు చేశారు. గోడల మీద, కప్పు మీద ఆవిరి గడ్డకట్టి ఏర్పడ్డ పలకలు, ఈకలు, బోలు గరాటాల ఆకారంలోని మంచు స్ఫటికాలు వేలాడుతుంటాయి. కప్పు పలచగా ఉన్నచోట నీలి వెలుగు దిగుతుంది, ఎందుకంటే వెలుగులోని ఎరుపును మంచు పీల్చుకుని నీలాన్ని వదిలేస్తుంది. లోపలి మలుపుల్లో మాత్రం కటిక చీకటి. ఈ అందం పక్కనే ప్రమాదం కూడా ఉంది. కార్బన్ డయాక్సైడ్ కొన్ని గుహల్లో మామూలు గాలిలో కంటే చాలా ఎక్కువగా పేరుకుంటుంది. పలచని కప్పు మీద నడిచేవాడికి కింద గుహ ఉన్నట్టు తెలియదు.

చీకట్లో బతికేవి

ఈ గుహల్లో జీవం ఉందా అన్న ప్రశ్నకు వచ్చిన జవాబులను కొంచెం జాగ్రత్తగా చదవాలి. వార్తాపత్రికలు ఇక్కడే ఎక్కువ తొందరపడ్డాయి. 2017లో ఆస్ట్రేలియా నేషనల్ యూనివర్సిటీ నాయకత్వంలోని బృందం ఎరెబస్ గుహల మట్టిలో నాచులు, శైవలాలు, చిన్న అకశేరుక జీవుల డీఎన్ఏ జాడలు దొరికాయని ప్రకటించింది. వెంటనే మంచు కింద రహస్య జంతు ప్రపంచం అన్న శీర్షికలు వచ్చాయి. పరిశోధకులు చెప్పింది అంత కాదు. దొరికిన డీఎన్ఏలో ఎక్కువభాగం అంటార్కిటికాలో ఇతరచోట్ల ఉన్న జీవులతో సరిపోలింది, కొన్ని వరుసలు దేనివో తేలలేదు. డీఎన్ఏ దొరికినంత మాత్రాన ఆ జీవి అక్కడ బతికి ఉందని కాదు. గాలి మోసుకొచ్చిన పొడి కూడా డీఎన్ఏను మిగులుస్తుంది.

నా దృష్టిలో అంతకన్నా లోతైన ఆవిష్కరణ చీకటి గుహల సూక్ష్మజీవులది. మొక్కలైనా, మొక్కల మీద ఆధారపడే మనమైనా సూర్యుడి బాకీదారులమే. వారెన్ అని పేరు పెట్టిన గుహలో వెలుగు చొరబడదు, బయటి నుంచి తిండి దాదాపు రాదు. అక్కడి మట్టిలోని బ్యాక్టీరియా జన్యువులను 2015లో పరిశీలించినవారికి, ఆ జీవులు రాతి నుంచి, వాయువుల నుంచి రసాయన శక్తిని తీసుకుని, గాలిలోని కార్బన్‌ను తమ ఆహారంగా మార్చుకుంటున్న ఆనవాళ్ళు కనిపించాయి. సూర్యుడు లేకపోయినా, రాయి, నీరు, కొంచెం వెచ్చదనం ఉంటే చాలు. అంగారకుడి నేల కింద, బృహస్పతి ఉపగ్రహాల మంచు కింద జీవం కోసం ఆలోచించేవారికి ఈ కొండ ప్రయోగశాలగా మారింది అందుకే.

ఇంత పేద నేలలో ఒక మనిషి బూటుకు అంటుకొచ్చిన మట్టి కూడా అక్కడి సూక్ష్మజీవుల సమూహాన్ని మొత్తం మార్చేయగలదు. ఎరెబస్ మీద ట్రామ్‌వే రిడ్జ్ అనే చోట నేల 65 డిగ్రీల దాకా వెచ్చగా ఉంటుంది. దాన్ని అంటార్కిటికా ఒప్పందం కింద ప్రత్యేక రక్షిత ప్రాంతంగా ప్రకటించారు. అందులో కొంత భాగంలోకి ఎవరూ అడుగుపెట్టకూడదు, శాస్త్రవేత్తలైనా సరే. గుహల్లో కూడా మనుషులు తరచు తిరిగినవి, ఎవరూ తిరగనివి అని విడదీసి, రెండో రకానికి శుభ్రం చేసిన దుస్తులు, పరికరాలతోనే వెళ్తారు. తెలుసుకోవాలన్న కోరికను తెలిసే అడ్డుకోవడం విజ్ఞానశాస్త్రంలో చాలా అరుదుగా చూస్తాం, ఇక్కడ చూస్తున్నందుకు నాకు సంతోషం.

ఎరెబస్ పాదం దగ్గర ఇంకో రకం మంచు గుహలు ఉన్నాయి, వాటితో వీటిని కలపకూడదు. కొండ వాలు నుంచి దిగే హిమానీనదం సముద్రంలోకి పది కిలోమీటర్లకు పైగా నాలుకలా చొచ్చుకుపోయింది. దాని అంచుల్లో అలలు, పగుళ్ళు కలిసి నీలి గుహలను చెక్కుతాయి. వీటికి అగ్నిపర్వత వేడితో సంబంధం లేదు.

అక్కడి కొండలన్నీ నిప్పుల కొండలు కావు

అంటార్కిటికా కొండలన్నిటినీ ఒకే గాటన కట్టడం వల్ల కూడా గందరగోళం పెరుగుతోంది. ఖండాన్ని రెండుగా చీలుస్తూ దాదాపు 3,500 కిలోమీటర్ల పొడవున ట్రాన్సంటార్కిటిక్ పర్వతాలు ఉన్నాయి. వాటికి ఒకవైపు తూర్పు అంటార్కిటికా, చాలా పాత, మందమైన, చల్లని నేల. మరోవైపు పశ్చిమ అంటార్కిటికా, సాగి పలచబడిన నేల. అగ్నిపర్వతాల్లో ఎక్కువభాగం ఈ రెండో వైపునే.

ఖండంలోకెల్లా ఎత్తయిన విన్సన్ శిఖరం, 4,892 మీటర్లు, పశ్చిమాన ఉన్నా అగ్నిపర్వతం కాదు. సముద్రం అడుగున పేరుకున్న అవక్షేప శిలలు ముడతలుపడి లేచిన పర్వతశ్రేణిలోది. నెల్లూరు జిల్లాకు చెందిన మల్లి మస్తాన్‌బాబు 2006లో ఏడు ఖండాల ఎత్తయిన శిఖరాలను 172 రోజుల్లో ఎక్కినప్పుడు, జనవరి 19న మొదట ఎక్కింది దీన్నే. నిజామాబాద్ జిల్లా పాకాల బిడ్డ మాలావత్ పూర్ణ 2019 డిసెంబర్‌లో దీని మీద నిలబడింది.

తూర్పు అంటార్కిటికా అయితే మనకు ఇంకా దగ్గరి చుట్టం. గోండ్వానా మహాఖండం విడిపోకముందు భారతదేశపు తూర్పు తీరం అంటార్కిటికాకు ఆనుకుని ఉండేది. సుమారు 13 కోట్ల ఏళ్ళ కిందట మొదలైన ఆ చీలికలోనే మన కృష్ణా గోదావరి బేసిన్ రూపుదిద్దుకుంది. విశాఖపట్నం కొండల్లో కనిపించే ఖోండలైట్, చార్నొకైట్ వంటి రాళ్ళకూ, తూర్పు అంటార్కిటికా తీరంలోని రాళ్ళకూ వయసులోనూ పుట్టుకలోనూ బంధుత్వం ఉందని భూవిజ్ఞానులు చూపించారు. 2012లో మొదలైన మన భారతి పరిశోధన కేంద్రం ఉన్నది ఆ తీరంలోనే, లార్స్‌మన్ కొండల్లో. ఈ పాత నేల లోపలి భాగంలో, నాలుగు కిలోమీటర్ల ఎత్తున్న మంచు పీఠభూమి కింద, గంబుర్త్‌సెవ్ అనే పర్వతశ్రేణి మొత్తం కప్పబడి ఉంది. ఆల్ప్స్ అంతటివి ఆ కొండలు, 1958లో సోవియట్ యాత్రికులు భూకంప తరంగాల ద్వారా వాటి ఉనికిని కనిపెట్టారు. వాటి రాయిని నేరుగా చూసిన మనిషి లేడు.

వందకు పైగా అన్న లెక్క ఎక్కడిది

2017లో ఎడిన్‌బరో విశ్వవిద్యాలయ పరిశోధకులు మంచు గుండా రాడార్ తరంగాలు పంపి సేకరించిన నేల పటాలను వెతికి, పశ్చిమ అంటార్కిటికాలో 138 అగ్నిపర్వతాలను లెక్కించారు. వాటిలో 91 అంతకు ముందు తెలియనివి. వాదనలన్నిటికీ మూలం ఈ అంకెలే. కాని వారు వెతికింది శంఖాకారపు కొండల కోసం. ఆకారం ఉంది అంటే అగ్నిపర్వతమై ఉండొచ్చు, ఇప్పుడు మండుతోందని కాదు. తెలంగాణ, మహారాష్ట్రల్లో పరుచుకున్న దక్కన్ నల్లరాయి కూడా ఒకప్పటి లావాయే, దాని మీద ఈరోజు పత్తి పండుతోంది.

కొన్ని నిజంగా పేలాయి, సందేహం లేదు. పైన్ ద్వీప హిమానీనదం దగ్గరి హడ్సన్ పర్వతాల్లో సుమారు 2,200 ఏళ్ళ కిందట మంచును చీల్చుకుంటూ వచ్చిన విస్ఫోటనం బూడిద పొరను రాడార్ పసిగట్టింది. టకాహే అగ్నిపర్వతం దాదాపు 17,700 ఏళ్ళ కిందట విడతలు విడతలుగా 192 ఏళ్ళపాటు పేలిన గుర్తులు లోతైన మంచు నమూనాల్లో భద్రంగా ఉన్నాయి. మంచు ప్రతి ఏటి బూడిదనూ పొరలో పెట్టి దాస్తుంది కాబట్టే ఇంత కచ్చితంగా చెప్పగలుగుతున్నాం.

నిప్పు, మంచు తొందరగా కలిస్తే ఏమవుతుందో డిసెప్షన్ ద్వీపం చూపించింది. అంటార్కిటిక్ ద్వీపకల్పానికి దగ్గరలోని ఈ దీవి సముద్రపు నీరు చేరిన పెద్ద బిలం. 1967, 1969, 1970లలో అక్కడ విస్ఫోటనాలు జరిగాయి. కరిగిన మంచు, బూడిద, రాళ్ళు కలిసిన బురద వరద బ్రిటిష్ కేంద్రాన్ని ధ్వంసం చేసింది, చిలీ కేంద్రం అంతకు ముందే పోయింది. అంటే అగ్నిపర్వతం మంచును కరిగించలేదని ఎవరూ అనడం లేదు. ఎంత మేర, ఎంత కాలం అన్నదే ప్రశ్న.

వెయ్యి డిగ్రీలు గొప్పా, ఒక్క డిగ్రీ గొప్పా

ఇక్కడ ఉష్ణోగ్రతను, వేడి పరిమాణాన్ని వేరుచేసి చూడాలి. అగరుబత్తి కొస కొన్ని వందల డిగ్రీలు ఉంటుంది, గది మాత్రం వెచ్చబడదు. బిందెడు గోరువెచ్చని నీళ్ళలో అంతకంటే ఎన్నో రెట్లు వేడి ఉంటుంది.

పశ్చిమ అంటార్కిటికాలోని త్వైట్స్ హిమానీనదం విస్తీర్ణం సుమారు 1.92 లక్షల చదరపు కిలోమీటర్లు, ఆంధ్రప్రదేశ్ కంటే పెద్దది. దాని కింద నేల నుంచి వచ్చే వేడి సగటున చదరపు మీటరుకు 114 మిల్లీవాట్లని, కొన్నిచోట్ల 200 దాటుతుందని 2014లో టెక్సస్ పరిశోధకులు అంచనా వేశారు. ఖండాల మీది సగటుతో పోలిస్తే ఇది చాలా ఎక్కువే. గుప్తోష్ణం లెక్క ఎవరైనా కాగితం మీద వేసుకోవచ్చు. ఏడాదికి మూడు కోట్ల పదిహేను లక్షల సెకన్లు. 114 మిల్లీవాట్లతో చదరపు మీటరుకు ఏడాదంతా వచ్చే వేడి దాదాపు 36 లక్షల జౌళ్ళు. దానితో కరిగేది సుమారు 11 కిలోల మంచు. మందంలో చెప్పాలంటే సెంటీమీటరుకు కాస్త పైన. 200 మిల్లీవాట్లకు రెండు సెంటీమీటర్లు.

ఇక సముద్రం. అంటార్కిటికా చుట్టూ తిరిగే లోతైన నీటి ప్రవాహం ఉష్ణోగ్రత సుమారు ఒక్క డిగ్రీ. చేతికి తాకితే గడ్డకట్టేంత చలి. కాని ఉప్పునీరు గడ్డకట్టేది సున్నాకు దాదాపు రెండు డిగ్రీల దిగువన కనుక, మంచుకు అది వేడినీళ్ళే. ఆ నీరు అంతులేకుండా వస్తూనే ఉంటుంది. పైన్ ద్వీప హిమానీనదం తేలియాడే భాగం అడుగున అది ఏడాదికి పదుల మీటర్ల మంచును కరిగిస్తోంది. సెంటీమీటర్లు ఎక్కడ, పదుల మీటర్లు ఎక్కడ? 2018లో ఇదే హిమానీనదం దగ్గరి నీటిలో అగ్నిపర్వత మూలం నుంచే రాగల హీలియం దొరికినప్పుడు, కరిగిస్తున్నది అగ్నిపర్వతమే అని మళ్ళీ ప్రచారం మొదలైంది. ప్రధాన కారణం సముద్రమేనని ఆ పరిశోధకులే స్పష్టంగా చెప్పారు.

నేల వేడికి విలువ లేదని కాదు. మంచు అడుగున పలచని నీటి పొర ఉంటే హిమానీనదం నేల మీద సులువుగా జారుతుంది. ఆ నీటిలో కొంత నేల వేడి ఇచ్చిందే. అందుకే శాస్త్రవేత్తలు దాన్ని లెక్కలోంచి తీసేయరు. కాని ఆ వేడి వేల ఏళ్ళుగా ఉన్నదే. 1992 ప్రాంతంలో ఏడాదికి సుమారు 5,300 కోట్ల టన్నుల మంచును కోల్పోయిన పశ్చిమ అంటార్కిటికా, 2017 నాటికి ఏడాదికి సుమారు 15,900 కోట్ల టన్నులు కోల్పోతోందని అంతర్జాతీయ ఉపగ్రహ కొలతల బృందం తేల్చింది. పాతికేళ్ళలో నష్టం మూడింతలైంది. నూట ముప్పైకి పైగా అగ్నిపర్వతాలు ఈ పాతికేళ్ళలోనే కూడబలుక్కుని వేడెక్కాయనడానికి ఒక్క ఆధారమూ లేదు. గాలుల తీరు మారి, లోతైన వెచ్చని నీరు తీరం దగ్గరి లోతు తక్కువ సముద్రంలోకి ఎక్కువగా చేరుతోందనడానికి ఓడల మీదినుంచి తీసిన కొలతలే ఉన్నాయి.

పైగా ఈ కారణకార్య సంబంధం తిరగబడే వీలు కూడా ఉంది. కిలోమీటర్ల మందం మంచు అంటే నేల మీద పెద్ద బరువు. ఆ బరువు లోపలి శిలాద్రవాన్ని, దానిలో కరిగి ఉన్న వాయువులను నొక్కి ఉంచుతుంది. గత హిమయుగం చివర ఐస్‌లాండ్‌లో మంచు కరిగి బరువు తొలగాక అక్కడి విస్ఫోటనాల వేగం అనేక రెట్లు పెరిగిందని లావా ప్రవాహాల వయసులు చూపిస్తున్నాయి. పశ్చిమ అంటార్కిటికాలోనూ మంచు పలచబడితే కింది శిలాద్రవ గదులు వ్యాకోచించి, రావలసిన విస్ఫోటనాలు ముందుకు జరగవచ్చని కంప్యూటర్ నమూనాలు చెబుతున్నాయి. ఇది వందల, వేల ఏళ్ళ వ్యవహారం, రేపటి ప్రమాదం కాదు. అయినా సముద్రం వెచ్చబడి మంచును పలచబరిస్తే, ఆ పలచబడటమే మంచు కింది అగ్నిపర్వతాలను కదిలించవచ్చు. అంటే ప్రచారంలో ఉన్న వాదన ఏ దిశలో నడుస్తోందో, భౌతికశాస్త్రం దానికి సరిగ్గా ఎదురు దిశను చూపిస్తోంది.